చెప్పేదాకా ముట్టుకోవద్దు

ఆ ఏడాది ఎండలు ముదరకముందే నా మోకాళ్ళు మొరాయించాయి. మా అనాథ బాలికల హోమ్‌లో కింద వంటగది, పైన పిల్లల గదులు, మధ్యలో ఇరవై రెండు మెట్లు. ముప్పై ఒక్క ఏళ్ళుగా వార్డెన్‌గా రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగానో ఆ మెట్లకే తెలియాలి. ఇంకో రెండేళ్ళు ఎలాగో ఈడ్చుకొస్తే రిటైర్‌మెంటు. ఈ రెండేళ్ళూ ఏ గొడవా లేకుండా గడిస్తే చాలనుకునేదాన్ని, కొత్తది ఏది వచ్చినా బెదిరిపోయేదాన్ని. అలాంటి రోజుల్లో కళ్ళజోళ్ళావిడ పన్నెండు ట్యాబులు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

ఆవిడకి పెద్ద బజారులో కళ్ళజోళ్ళ షాపు. మా పిల్లల్లో చూపు ఆననివాళ్ళకి ఏటా అద్దాలు వేయించి పంపేది. మనిషి సన్నగా, పొట్టిగా ఉంటుంది గానీ గొంతు మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది.

"ఏం గొప్పవి కావండీ, పాతవే. షాపుకొచ్చిన ప్రతివాళ్ళ ప్రాణం తీసి పోగేశాను. ఇంట్లో మూల పడున్నవి ఇవ్వండి బాబూ, పిల్లలు చదువుకుంటారు అని. చివరికి నన్ను చూస్తే చాలు, జనం పక్క షాపులో దూరడం మొదలుపెట్టారు."

"అయ్యో, మీకెందుకండీ ఇంత శ్రమ?"

"శ్రమేముంది? అన్నీ శుభ్రం చేసి పాఠాలు ఎక్కించాను. ఇంటర్నెట్ లేకపోయినా పని చేస్తాయి. పరీక్షలు కూడా పెట్టాను, రాసి చూసుకోవచ్చు. ఒక్కటే మాట. పిల్లలు వాడాలి. పగలగొడితే పగలగొట్టనివ్వండి."

ఒక్కోదానికి ఒక్కో రంగు గుడ్డతో తొడుగు కుట్టి తెచ్చింది. బొత్తాలు కూడా తన చేత్తోనే కుట్టిందట. నేను ఆవిడకి టీ ఇచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపించాను.

మా హోమ్‌కి ఏ వస్తువు వచ్చినా ముందు స్టాకు రిజిస్టర్‌లో ఎక్కాలి, తర్వాత దాని ఒంటి మీద నంబరు పడాలి. నంబర్లు నేనే వేస్తాను, ఎర్ర గోళ్ళరంగుతో. పెన్నుతో రాస్తే చెరిగిపోతుంది, గోళ్ళరంగు మాత్రం ఎన్నేళ్ళు తోమినా కంచం మీద నుంచి పోదు. నా జన్మలో గోళ్ళకి రంగు వేసుకున్న పాపాన పోలేదు గానీ, షాపువాడు నన్ను చూడగానే ఎర్ర సీసా తీసి చేతిలో పెట్టేవాడు. బకెట్లు, కంచాలు, కుర్చీలు అన్నిటికీ అదే. ఆ సాయంత్రం పన్నెండు ట్యాబుల వెనకా నంబర్లు వేసి, ఆరబెట్టి, ఆఫీసు గదిలో ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ తాళంచెవి నా నడుముకి వేలాడే గుత్తిలోనే ఉంటుంది.

వాడుకోమని ఇచ్చినవాటికి తాళమేమిటని మీరు అడుగుతారు. పదకొండేళ్ళ కిందట మా హోమ్‌లో ఒక కుట్టుమిషన్ మాయమైంది. ఎవరు తీశారో ఈనాటికీ తెలియదు. ఎనిమిది నెలలు నన్ను విచారణ అంటూ పై ఆఫీసు చుట్టూ తిప్పారు. నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాళ్ళ ముందు నిలబడి, 'నేను దొంగని కాదండీ' అని చెప్పుకున్నాను. చివరికి నా తప్పు లేదని కాగితం ఇచ్చారనుకోండి. కానీ అప్పటి నుంచి, విరిగే వస్తువో పోయే వస్తువో కనిపిస్తే నా చెయ్యి దానంతటదే గుత్తి మీదకి పోతుంది.

పిల్లలకి నేను నేర్పే మొదటి పాఠం కూడా ఆ భయంలోంచి వచ్చిందే. ఇచ్చేదాకా ఆగాలి, చెప్పేదాకా ముట్టుకోవద్దు. ముప్పై ఎనిమిది మంది ఆడపిల్లలున్న ఇల్లు అది లేకపోతే ఒక్క పూట నడవదు. వచ్చిన కొత్తలో కంచం ముందు ఆగలేక ఏడ్చే పిల్ల, నెల తిరిగేసరికి చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చునేది. చూడవచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. నాకూ గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు చెప్పాలి.

అందరిలోకీ బుద్ధిమంతురాలు పెద్దక్క. నాలుగేళ్ళప్పుడు వచ్చింది మా దగ్గరికి. చిన్నపిల్లలు పెద్దక్కా పెద్దక్కా అని పిలిచీ పిలిచీ, వంటామెకి, వాచ్‌మన్‌కి, చివరికి నాక్కూడా అదే నోటికి పట్టేసింది. యాభై ఎనిమిదేళ్ళదాన్ని పదిహేడేళ్ళ పిల్లని పెద్దక్కా అని పిలుస్తుంటే మా ఆయన పడీపడీ నవ్వేవారు. వానలు మొదలయ్యే నాటికి ఆ పిల్లకి పద్దెనిమిది నిండుతాయి. నిండిన రోజున హోమ్ వదిలి వెళ్ళిపోవాలి, అది రూలు. నర్సింగ్ స్కూల్లో సీటొస్తే అక్కడే హాస్టల్ కూడా ఇస్తారు. రాకపోతే ఎక్కడికి పోతుందో నాకు తెలియదు. అంతకు ముందు వెళ్ళినవాళ్ళలో కొందరు బట్టల షాపుల్లో పొద్దస్తమానం నిలబడుతున్నారు, కొందరు ఎవరో ఒకరిని చేసుకున్నారు, కొందరి జాడే లేదు. కాబట్టి ఆ వేసవిలో మా అందరి ప్రాణాలూ ఆ ఒక్క పరీక్ష మీదే పెట్టుకున్నాం.

ట్యాబులు వచ్చిన వారానికి పెద్దక్క ఆఫీసు గది గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మనేదాకా రాదు.

"ఏమిటే?"

"అమ్మా, ఈసారి పరీక్ష కాగితం మీద కాదంట. కంప్యూటర్ మీదంట."

"అయితే?"

"ఆ ట్యాబుల్లో పరీక్షలున్నాయని ఆవిడ చెప్తుంటే విన్నాను. ఒక్కసారి చూడొచ్చా అమ్మా?"

"పై ఆఫీసుకి రాశాను. వాడుకోవచ్చని కాగితం రానీ, చూద్దాం."

"సరే అమ్మా," అని వెళ్ళిపోయింది. రెండోసారి అడగలేదు. ఒకసారి కాదన్నది మళ్ళీ అడగకూడదని నేర్పిందీ నేనే కదా.

కాగితం రాలేదు. నెల తర్వాత పై ఆఫీసు సారు మాత్రం ఫొటో తీసే మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. బీరువా తెరిచి ట్యాబులు తీశాను. పన్నెండు మంది పిల్లల్ని వరండాలో వరసగా కూర్చోబెట్టి తలా ఒకటి ఇచ్చాం. పెద్దక్క ఒళ్ళో ఏడో నంబరు ట్యాబు పడింది. "కిందికి చూస్తూ నవ్వండమ్మా, పాఠం చదువుతున్నట్టు," అన్నాడు ఫొటోలు తీసే అతను. పిల్లలు నల్లటి అద్దంలో తమ మొహాలు చూసుకుంటూ నవ్వారు. ఏ ఒక్కటీ ఆన్ చెయ్యలేదు. ఆన్ చెయ్యమని ఎవరూ చెప్పలేదు మరి. పది నిమిషాల్లో అంతా అయిపోయింది. నేను నంబర్లు సరిచూసుకుని మళ్ళీ బీరువాలో పెట్టేశాను. పెద్దక్క తన ట్యాబుని తొడుగులో పెట్టి, బొత్తాం పెట్టి, రెండు చేతులతో అందించింది.

"సార్, వాడుకోవడానికి పర్మిషన్ కాగితం..." అని నేను నీళ్ళు నమిలాను.

"అదేముందమ్మా, వస్తుంది. ఈలోపల జాగ్రత్త. ఒక్కటి పోయినా సంతకం మీదే," అన్నాడు సారు జీపు ఎక్కుతూ.

కళ్ళజోళ్ళావిడ పదిహేను రోజులకోసారి ఫోన్ చేసేది. "పిల్లలు వాడుతున్నారాండీ?" అని అదే ప్రశ్న. "ఆఁ, వాడుతున్నారండీ," అని నాదీ అదే జవాబు. మొదటిసారి చెప్పినప్పుడు తల కొట్టేసినట్టయింది. మూడోసారికి అలవాటైపోయింది. "ఏ పాఠాలు ఎక్కువ చూస్తున్నారు?" అని ఒకసారి అడిగింది. "లెక్కలు," అన్నాను, ఎందుకన్నానో నాకే తెలియదు. ఆవిడ ఫోన్‌లోనే మురిసిపోయింది.

పరీక్ష రోజున నేనే పెద్దక్కని వెంటబెట్టుకు వెళ్ళాను. రెండు బస్సులు మారాలి. ఎండ నడినెత్తికి రాకముందే చేరాం. ఆ పిల్ల ఉతికి మడత పెట్టుకున్న తెల్ల చున్నీ వేసుకుని, హాల్‌టికెట్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, గుండెకి హత్తుకుని కూర్చుంది. దారిలో ఒక్కసారి నోరు విప్పింది.

"అమ్మా, మంచినీళ్ళు తాగొచ్చా?"

సీసా నా బ్యాగులో, తనకీ నాకూ మధ్యన సీటు మీదే ఉంది. తీసి ఇచ్చాను. రెండు గుక్కలు తాగి, మూత బిగించి, మళ్ళీ నా చేతికే ఇచ్చింది.

మూడు గంటల పరీక్ష. నేను గేటు బయట గోడ నీడన చెప్పులు విప్పి వాటి మీద కూర్చున్నాను. బెల్లు కొట్టగానే అందరికన్నా ముందు పెద్దక్కే బయటికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"బాగా రాశానమ్మా! అన్నీ వచ్చినవే. నలభై ప్రశ్నలూ యాభై నిమిషాల్లో చేసేశాను. తర్వాత చేతులు కట్టుకుని కూర్చున్నా. పక్కవాళ్ళు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు!"

"నా తల్లే!" అన్నాను. నా మోకాళ్ళ నొప్పి కూడా ఎటో పోయింది. గేటు పక్క బండి దగ్గర ఇద్దరికీ చల్లటి నిమ్మరసం తీసుకున్నాను. అక్కడే ఒక తండ్రి కూతురితో మాట్లాడుతున్నాడు. ఆ అమ్మాయి మొహం వాడిపోయి ఉంది.

"మూడో భాగంలో టైం సరిపోలేదు నాన్నా. సైన్సులో పదిహేను వదిలేశాను," అంది ఆ అమ్మాయి. తర్వాత పెద్దక్క వైపు తిరిగి, "నీకు మూడో భాగం పూర్తయ్యిందా?" అని అడిగింది.

పెద్దక్క గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది. "మాకు రెండో భాగమే ఇవ్వలేదు," అంది.

"ఇవ్వడమేమిటి? తెర మీద పైన మూడు డబ్బాలుంటాయిగా. నొక్కితే తెరుచుకుంటాయి."

ఆ అమ్మాయి తండ్రి నా వంక చూశాడు. తర్వాత కూతురి చెయ్యి పట్టుకుని, "పద, బస్సొస్తోంది," అని తీసుకుపోయాడు.

పెద్దక్క నాకేసి తిరిగింది. ఇంకా దానికి పూర్తిగా అర్థం కాలేదు. "మూడు భాగాలుంటాయని హాల్‌టికెట్లో ఉందమ్మా, చదివాను. మొదటిది హాల్లో ఉన్న సారే తెరిచి ఇచ్చాడు. మిగతావి కూడా ఆయనే వచ్చి తెరుస్తాడనుకున్నా. వస్తాడు వస్తాడని కూర్చున్నా. ఆ డబ్బాలు కనిపిస్తూనే ఉన్నాయి. చెప్పకుండా ముట్టుకోకూడదు కదమ్మా."

"అడగకపోయావా?"

"అందరూ రాసుకుంటున్నారు కదా. మధ్యలో లేచి అడిగితే బాగోదనీ..."

రెండు గంటల పైచిలుకు ఆ పిల్ల, నేను నేర్పినట్టే, చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చుంది. గోడ అవతల నేను చెప్పుల మీద కూర్చుని దాని కోసం వెయ్యి దేవుళ్ళకి మొక్కుతున్నాను. గ్లాసులో మిగిలిన నిమ్మరసం ఇద్దరం తాగలేకపోయాం. బస్సులో అది కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ఏడుస్తూ కూడా ఒక్క మాట అనలేదు నన్ను. నాలుగు మాటలు అనేసినా బాగుండేది.

ఇంటికి వెళ్ళేసరికి మా ఆయన పాత రేడియో విప్పుకుని కూర్చున్నారు. ఒకప్పుడు ఆయనకి రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. రేడియోలూ పోయాయి, దుకాణమూ పోయింది, స్క్రూడ్రైవర్లు మాత్రం మిగిలాయి. జరిగిందంతా చెప్పాను. ఆయన పనిముట్టు పక్కన పెట్టారు.

"ఆ బీరువా తాళం ఎక్కడుంది?"

"ఇదిగో, నడుముకే ఉంది."

"ఇంకా ఉందా?" అన్నారు. అంతే అన్నారు. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

మర్నాడు పొద్దున్నే బీరువా తీశాను. పై ఆఫీసు కాగితం కోసం చూడలేదు. ఒక్కో ట్యాబూ బొత్తాం విప్పి బయటికి తీసి, చార్జింగ్ పెట్టి నొక్కాను. వేసవంతా ఇనప బీరువాలో ఉడికి ఉడికి, చార్జింగ్ లేక, మూడింటికి వెనక వైపు పొట్టలు ఉబ్బి ఉన్నాయి. మరో నాలుగు ఎంత నొక్కినా ఉలకలేదు, పలకలేదు. అయిదు మాత్రం వెలిగాయి. వాడితే పాడవుతాయని దాచాను, వాడక పాడయ్యాయి. కళ్ళజోళ్ళావిడకి నేనే ఫోన్ చేసి రమ్మన్నాను.

ఆవిడ షాపు మూసేసి వచ్చింది. ట్యాబుల్ని వరసగా బల్ల మీద పెట్టి, ఏమీ దాచకుండా చెప్పాను. వాడుతున్నారని చెప్పింది అబద్ధం. లెక్కలు చూస్తున్నారని చెప్పింది అబద్ధం. పెద్దక్క సంగతి కూడా చెప్పాను.

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎన్నిసార్లు అడిగానండీ మిమ్మల్ని? ఎన్నిసార్లు? నేను తెలిసినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకున్నాను, మా హోమ్ పిల్లలు లెక్కలు చేస్తున్నారు అని! పగిలినా పర్లేదన్నాను కదా!"

"అన్నారు. పగిలితే నన్ను నిలదీస్తారని భయపడ్డాను."

"ఇప్పుడు ఎవరూ నిలదియ్యరా?"

ఆవిడ ఉబ్బిన ట్యాబు ఒకటి చేతిలోకి తీసుకుని, దాని ఆకుపచ్చ తొడుగు తీసి, మడిచి తన సంచీలో పెట్టుకుంది. వెళ్ళిపోతుందనుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ఆ పిల్లని పిలవండి. ఇంకో నర్సింగ్ స్కూలు పరీక్ష ఉంది, ఆరు వారాల్లో. మా షాపుకొచ్చే డాక్టరుగారు మొన్ననే చెప్పారు. పిలవండి, చూస్తారేం?"

పెద్దక్క వచ్చి గుమ్మంలో ఆగింది. "రావే!" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

ఏడో నంబరు ట్యాబు బతికినవాటిలో ఉంది. ఆవిడ దాన్ని ఆన్ చేసి పెద్దక్క ముందు పెట్టింది. "ఊఁ, కానివ్వు."

పెద్దక్క నా వంక చూసింది.

"నా వంక చూడకు. నొక్కు," అన్నాను.

"ఏది నొక్కాలమ్మా?"

"నాకేం తెలుసు? నీ ఇష్టం వచ్చింది నొక్కు."

ఒక వేలు చాచి, వేడి గిన్నె ముట్టుకున్నట్టు ముట్టుకుని, వెంటనే తీసేసింది. ఏదో తెరుచుకుంది. "అయ్యో, తెరుచుకుంది!" అని భయపడింది. "తెరుచుకోవడానికేనమ్మా తల్లీ నొక్కమన్నది!" అంది కళ్ళజోళ్ళావిడ, నెత్తి కొట్టుకుంటూ. ఆ పూట మొదటిసారి ముగ్గురం నవ్వాం.

ఆ రోజు నుంచి బీరువాకి తాళం వెయ్యలేదు. చెప్పడం తేలికే గానీ, నా తల ప్రాణం తోకకొచ్చింది. అయిదు ట్యాబులకి ముప్పై ఎనిమిది మంది. పొద్దున్న లేచింది మొదలు ఒకటే గోల. నంబర్లు లెక్కపెట్టుకోకుండా నిద్రపట్టేది కాదు. కదలని ట్యాబుల్ని సంచీలో వేసుకుని ఇంటికి తీసుకెళితే మా ఆయన వాటిని విప్పి, మూడు వారాలు కుస్తీ పట్టి, రెండింటికి ప్రాణం పోశారు. ఆ రెండూ వెలిగిన సాయంత్రం పక్కింటివాళ్ళని పిలిచి మరీ చూపించారు.

రెండో నంబరు ట్యాబుని ఆరేళ్ళ పిల్ల మెట్ల మీద నుంచి జారవిడిచింది. అద్దం మీద ఇటు నుంచి అటు వరకు గీత పడింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, వెక్కి వెక్కి ఏడుస్తూ పదహారో మెట్టు మీద కూర్చుంది. నేను పైకి ఎక్కి, దాని పక్కన కూలబడ్డాను.

"పనిచేస్తోందా?" అన్నాను.

"చే...స్తోందమ్మా."

"అయితే ఏడుపెందుకే? వెళ్ళి చూసుకో." ఆఫీసు గదికి వెళ్ళి రిజిస్టర్ తెరిచి, ఆ నంబరు ఎదురుగా 'వాడుతుండగా పగిలింది' అని రాసి సంతకం పెట్టాను. పై ఆఫీసు సారు వచ్చినప్పుడు ఆ పేజీ నేనే తీసి చూపించాను. ఆయన చాలాసేపు మూలిగి, నాకు మెమో ఇచ్చాడు. అదీ ఫైల్లోనే ఉంది.

ఇదంతా నడుస్తుండగానే పెద్దక్కకి పద్దెనిమిది నిండాయి. రెండో పరీక్షకి ఇంకా పదకొండు రోజులు ఉన్నాయి. వంటామె కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. నేను పెద్దక్క పెట్టె పట్టుకుని బయల్దేరాను. ఎక్కడికని అది అడగలేదు, నేను చెప్పలేదు. మా ఇంటి గుమ్మం ముందు ఆగి తలుపు తడితే మా ఆయన తీశారు. ముందుగా ఆయనతో ఒక్క మాట కూడా అనలేదు నేను.

ఆయన పెట్టె వంక చూశారు, పిల్ల వంక చూశారు. "ముప్పై ఒక్క ఏళ్ళుగా నువ్వు ఊళ్ళో పిల్లలందరికీ అమ్మవి," అన్నారు నాతో. "ఈ ఇంట్లో నాకు మాత్రం ఒక్క పిల్ల లేదు. ఒక్కసారైనా ఒక్కదాన్ని ఇంటికి తీసుకురావాలని తోచలేదు కదే నీకు!" తర్వాత పెద్దక్కతో, "రామ్మా. ఆ గదిలో నా రేడియో సామాన్లు ఉన్నాయి. అడ్డమనిపిస్తే పక్కకి తోసెయ్యి," అన్నారు.

మా ఇంట్లో అది మొదటి వారమంతా అడుగుతూనే ఉంది. ఫ్యాన్ వేసుకోవచ్చా అమ్మా? స్నానం చెయ్యొచ్చా అమ్మా? ఇంకొంచెం అన్నం పెట్టుకోవచ్చా అమ్మా? ప్రతిసారీ నా గుండెలో ముల్లు దిగేది. ఆయన కూడా ఓపిక పట్టీ పట్టీ ఒకరోజు, "ఊపిరి పీల్చుకోవచ్చా అని కూడా అడుగు తల్లీ, దానికీ పర్మిషన్ ఇచ్చేస్తాను," అన్నారు. అది సిగ్గుపడి నవ్వింది, మర్నాడు మళ్ళీ అడిగింది. పరీక్షలు మాత్రం ట్యాబు మీద రోజుకి రెండు రాసేది. కళ్ళజోళ్ళావిడ తన షాపు కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టి మౌస్ పట్టుకోవడం నేర్పింది.

రెండో పరీక్ష రోజున సన్నగా జల్లు మొదలైంది. బస్సులో అది ఎప్పటిలాగే, "అమ్మా, మంచినీళ్ళు తాగొచ్చా?" అంది. ఇచ్చాను. గేటు దగ్గర దిగబెట్టి, ఎదురుగా మూసేసిన షాపు అరుగు మీద గొడుగు వేసుకుని కూర్చున్నాను.

బెల్లు కొట్టారు. పిల్లలు గుంపులు గుంపులుగా బయటికి వచ్చారు. ఆటోలు ఎక్కారు, బస్సులు ఎక్కారు. అంతా ఖాళీ అయిపోయింది. పెద్దక్క రాలేదు. పది నిమిషాలైంది, ఇరవై అయింది. మళ్ళీ చేతులు కట్టుకుని కూర్చుందేమో, వెళ్ళమని చెప్పేదాకా లేవకుండా ఉందేమో అనిపించింది. వాచ్‌మన్ గేటు సగం మూస్తుంటే లేచి పరుగెత్తాను, ఆ మోకాళ్ళతోనే.

అప్పుడు వచ్చింది. జుట్టు చెదిరిపోయి, మొహం జేవురించి, విసవిసా నడుచుకుంటూ వచ్చింది.

"ఏమైందే?"

"నాకిచ్చిన మౌస్ పాడైపోయిందమ్మా, మధ్యలో. కదలట్లేదు. చెయ్యెత్తాను, చూడలేదు. మళ్ళీ ఎత్తాను. 'ఆగమ్మా, వస్తాను,' అన్నాడు."

"ఆగావా?"

"ఆగలేదు. లేచి నిలబడ్డాను. నా టైం పోతోంది సార్, వేరే కంప్యూటర్ ఇవ్వండి అని గట్టిగా అన్నాను. హాలంతా నాకేసే చూశారు. ఆయన విసుక్కున్నాడు. విసుక్కుంటే విసుక్కోండి, పోయిన పాతిక నిమిషాలూ నాకు కలపండి అన్నాను. పెద్ద సారొచ్చి కలిపాడు. అందుకే లేటయింది."

"మరి మూడు భాగాలూ..."

"మూడూ నేనే తెరిచాను."

సీటు వచ్చింది, రెండో జాబితాలో. అది మరో నెల తర్వాత మాట. ఇప్పుడు సెలవులకి మా ఇంటికే వస్తుంది, మా ఆయన రేడియో సామాన్లు ఎప్పుడో మంచం కిందకి చేరాయి. కానీ ఆ కాలమంతటిలో నాకు మరపురానిది ఆ సాయంత్రం తిరుగు బస్సే.

ఇద్దరికీ సీట్లు దొరికాయి. నా బ్యాగు మా మధ్యన పెట్టుకున్నాను. తడిసిన గొడుగు కాళ్ళ దగ్గర కారుతోంది. దాని కోపం ఇంకా చల్లారలేదు, ఆ ఇన్విజిలేటర్ని తిడుతూనే ఉంది. తిడుతూ తిడుతూ, మాట మధ్యలో, నా బ్యాగు జిప్పు లాగి, సీసా తీసి, గటగటా తాగేసింది. అంతా. ఒక్క చుక్క మిగల్చలేదు. ఖాళీ సీసా బ్యాగులో పడేసి మళ్ళీ తిట్లు అందుకుంది.

నాకు పొద్దుటి నుంచి గొంతు పిడచకట్టుకుపోయి ఉంది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను, ఈసారి నేను.